గ్రూపులో నా నంబరు

తిరువూరు,
శుక్రవారం

సౌజన్య టీచర్ గారికి,

గ్లోరి అమ్మను. ఫోన్లో అడగడానికి మొహమాటమేసి రాస్తున్నాను.

మా పిల్ల ఐదో తరగతి పాసై విజయవాడ హాస్టల్‌కి వెళ్ళాక, మీరు తరగతి వాట్సాప్ గ్రూపులోంచి నా నంబరు తీసేశారు. తప్పు పట్టడం లేదండి. సాయంత్రం హోంవర్కు చెబుతూ మీ గొంతు వచ్చేది. విన్నామని మేం బొటనవేలి బొమ్మ పెట్టేవాళ్ళం. పిల్ల బడికి రాకపోతే తొమ్మిదిన్నరకల్లా ఫోన్ చేసి, "ఏమైందమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవారు.

మొన్న నాకు జ్వరమొచ్చి మూడు రోజులు మామిడి తోట పనికి వెళ్ళలేదు. ఎవరూ అడగలేదు. గ్లోరి వాళ్ళ నాన్న ఉంటే వేరు.

వీలైతే నన్ను మళ్ళీ గ్రూపులో చేర్చండి. మధ్యలో మాట్లాడను. రోజూ విని బొమ్మ పెడతాను. బొమ్మ రాని రోజు మాత్రం ఒకసారి ఫోన్ చేయండి.

ఇట్లు,
గ్లోరి అమ్మ