‘రకం తెలియదు’

మంగళవారం

పుట్టుకతో గుండెజబ్బున్న పిల్లల ఫైళ్లు చూసి, జబ్బు రకాన్ని బట్టి ఆస్పత్రి కంప్యూటర్లో కోడ్ కొట్టడం నా పని. గుండెకు తీసే ఎకో స్కాన్ రిపోర్టు దొరక్కపోతే ‘రకం తెలియదు’ కోడ్. పని చానా ఉన్న రోజు వెతక్కుండానే అది కొట్టేస్తాను.

ఇవాళ నకరికల్లు నుంచి ఒకామె పాపనెత్తుకుని వచ్చింది. పాప పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఫైలు తెరిస్తే రిపోర్టు వెనకాలే పిన్ చేసి ఉంది. కోడ్ మాత్రం ‘రకం తెలియదు’, నేను కొట్టిందే. ఆ కోడున్న పేర్లు ఆపరేషన్ లిస్టులోకి ఎక్కవు.

“ఏడాదైంది, పిలుపే రాలా. అంటే పెద్ద జబ్బు కాదనేగా అక్కా?” అంది.

ఆమెను డాక్టరు దగ్గరికి పంపి, కోడ్ మార్చాను. తర్వాత నేను కొట్టిన ‘రకం తెలియదు’లన్నీ వెతికాను. స్క్రీన్ జరిపేకొద్దీ పేర్లు వస్తూనే ఉన్నాయి. ఆ ఇళ్లన్నిట్లోనూ, పిలుపు రాలేదు కదా అని, ధైర్యంగా ఉండి ఉంటారు.