వెయ్యో ఆటలో మన పిల్ల

అమ్మాయీ, నేనూ నీ కూతురూ కులాసా, కంగారుపడకు.

జుట్టు పట్టుకునైనా దాన్ని ఇంటికి తీసుకురమ్మని నన్ను పంపావు కదా, ముందు నిన్నటి సంగతి విను. వాళ్ళ కంపెనీ పాటల నాటకం వెయ్యో ఆట ఆడారు. వందో ఆటకీ, అయిదువందలవ ఆటకీ మనిద్దరం కలిసే వెళ్ళాం. రెండుసార్లూ అది వెనక వరసలో బుట్ట పట్టుకుని నిలబడింది. "బుట్ట మొయ్యడానికా దీనికి సంగీతం చెప్పించాను?" అన్నావు. నేనూ తందానా అన్నాను.

వెయ్యో ఆట రోజున మాత్రం కథానాయిక గుంపులో నిలబడుతుందట, గుంపులో వాళ్ళు తలా ఒక చరణం పాడతారట. మన పిల్ల వంతు వచ్చింది. మొదటి మాటకే గొంతు జీరపోయి ఆగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దాని బుట్ట మోస్తున్న కథానాయిక, "నా శ్రుతి నీకెందుకే, నీ శ్రుతిలో పాడు!" అని ముందు వరసకి వినబడేలా కసిరింది. హార్మోనియం ఆయన శ్రుతి దించాడు. మన పిల్ల మళ్ళీ ఎత్తుకుని చివరిదాకా పాడింది. చప్పట్ల గురించి రాస్తే సొంత డబ్బా అంటావు, రాయను.

తర్వాత నన్ను పట్టుకుని, "అమ్మకి చెప్తావా అమ్మమ్మా?" అంది.

"ఏమని, తప్పావనా?"

"తప్పి, మళ్ళీ పాడానని."

చెప్పేశాను. బుధవారం నేనొక్కదాన్నే వస్తున్నాను. కుట్టుమిషను బాగు చేయించావా? అల్లుడుగారు మాత్రలు వేసుకుంటున్నారా? దానికి రెండు ముక్కలు రాయి, కోపం తగ్గాక కాదు, ఇవాళే. అల్లుడుగారికి నిండుగా ఆశీస్సులు. నీకు ప్రస్తుతానికి సగమే. మిగతా సగం దానికి ఉత్తరం వేశాక.

మీ అమ్మ