అమ్మకు గీసిన గలిలయ తుఫాను

యానాం, బుధవారం.

చెల్లీ బ్లెస్సీ, ప్రభువు కృపలో అమ్మా నేనూ క్షేమం, దిగులు మాను.

వినికిడి పోయాక అమ్మ మూడు నెలలుగా మందిరానికి రాలేదు, నోరు విప్పలేదు. నా ప్రసంగం అంత దూరాన ఉన్న దరియాలతిప్ప ఊరి దాకా వినిపిస్తుంది గాని పక్కనున్న అమ్మకు అందదు! అందుకే నువ్వు పంపిన నీటిరంగు పెన్సిళ్లు పట్టాను. ప్రభువూ శిష్యులూ ఉన్న పడవ మీద విరుచుకుపడ్డ గలిలయ తుఫాను గీసి తడి కుంచె తగిలించగానే, గీతలన్నీ కరిగి నిజంగా సముద్రమైపోయాయి! హల్లెలూయ అని ఎగిరాను. అమ్మ ఆ బొమ్మ లాక్కుని చూసి, "ఒరే సాల్మనూ, ఇంత గాల్లో ఎవడన్నా తెరచాప ఎత్తుంచుతాడేంట్రా? చేపల వేటకెళ్లే మీ నాన్నుంటే వీపు చీరేసేవోడు. దింపెయ్!" అంది. మూడు నెలల తర్వాత తొలి మాట! వెంటనే తడిగుడ్డతో అద్ది తెరచాప తీసేశాను. నోటుబుక్కు కాగితం కదా, చిరిగింది.

మందపాటి బొమ్మల కాగితం పంపు. నీలం పెన్సిల్ కూడా. ఉన్నదంతా అలలకే అయిపోయింది. నీ దగ్గు తగ్గిందా? బావగారికి రాత్రి డ్యూటీలు తప్పాయా?

ఆలస్యం చేయకమ్మా. బొమ్మలో ప్రభువు ఇంకా పడవ వెనక భాగంలో నిద్రలోనే ఉన్నాడు; ఆయన లేచి గద్దిస్తేనే గాలి అణిగేది. "లేపవేంట్రా ఆయన్ని?" అని అమ్మ పొద్దున్నుంచి నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఆయన కాపుదల మీ గడప దాటకుండు గాక.

నీ అన్నయ్య,
సాల్మన్