రెండు టవర్ల మధ్య మా వెనక గది

సెల్‌ఫోను కంపెనీ ఫిర్యాదుల అధికారి గారి సముఖమునకు, రిటైరైన వెల్డరు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా వెనక గదిలో డేటా తెగిపోవుట, అంతా బాగున్నదని తమ మనిషి అబద్ధం రాయుట గురించి.

ఆరేళ్ల కిందట తమ కౌంటరు గుమాస్తా పదిమంది ముందు నాతో, "ఫోను వాడటం నీకు రాదేమో తాతా, ఇంట్లో చదువుకున్నవాళ్లని పంపు" అన్నాడు. నేను నలభై ఏళ్లు ఇనుము అతికినవాణ్ణి. అతుకు పట్టిందో లేదో చూడగానే చెప్తాను. తమ అతుకు ఆనాడే పట్టలేదు. ఆ మాట నేను మరవలేదు, మరవను. ఇక ఇప్పటి సంగతులు:

1. నా భార్యకు గుండె జబ్బు. ఆసుపత్రివాళ్లు ఛాతీకి ఒక పట్టీ, మంచం పక్కన ఒక పెట్టె ఇచ్చారు. పెట్టెలో తమ సిమ్ము ఉన్నది. గుండె తేడాగా కొట్టుకుంటే పెట్టె ఆసుపత్రికి కబురు పంపవలెను. మా గదికి ఎడమన ఒక టవరు, కుడిన ఒక టవరు. పెట్టె కాసేపు దాన్ని పట్టుకుంటుంది, కాసేపు దీన్ని. మారిన ప్రతిసారీ నడుమ తెగుతుంది.

2. పోయిన నెల ఏడో తారీకు పట్టపగలు ఆవిడ పడిపోయింది. ఆసుపత్రికి కబురు పోలేదు. నా ఫోనూ తమదే, అదీ పలకలేదు. పెట్టె చంకన పెట్టుకొని, తమ డేటా తెగని చోటని వీధి చివర సెలూన్ ముందుకు పరుగెత్తాను. పెట్టెలో ఆగిన కబురు అక్కడ పోయింది. నర్సమ్మ ఫోను చేసి, "పెద్దాయనా, ఇరవై నిమిషాల కిందటిది ఇప్పుడొచ్చిందేంటి? ముందు ఆవిణ్ణి తీసుకురండి!" అని అరిచింది. బతికింది. తమ దయ వల్ల కాదు.

3. సిగ్నలు చూసే తమ టెస్టరు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ గేటు దగ్గరే నిలబడి, "గీతలు నిండుగా ఉన్నాయి తాతా" అన్నాడు. లోపలికి రమ్మంటే, "మా పద్ధతి గేటు వరకే." నా పెళ్ళాం గేటులో పడుకోదు నాయనా అన్నాను. నవ్వి, "వినియోగదారుడు సంతృప్తి చెందెను" అని రాసుకొని, నా సంతకం కూడా వాడే పెట్టుకున్నాడు. నా సంతకానికి అన్ని వంపులుండవు.

4. ఇప్పుడు రోజూ ఆవిణ్ణి సెలూన్ ముందు బల్ల మీద కూర్చోబెడుతున్నాను. "నా గుండెని వీధిలో ఆరేసినట్టుంది, ఇంటికి పోదాం పదండి" అంటుంది. నాకు ఎదురుచెప్పని మనిషేమీ కాదు. కానీ ఇట్లా తలవంచుకొని ఎన్నడూ అడగలేదు.

ఒక టవరు పట్టు వదలకముందే రెండోది అందుకునేట్టు సరిచేయొచ్చని, అది ఆఫీసులో కూర్చుని చేసే అరగంట పనని, తమ టవరెక్కే మనిషే నాతో అన్నాడు. అరగంట! ఆ అరగంట చేయించవలెను. ఆపైన టెస్టరు మా వెనక గదికి వచ్చి, ఆవిడ మంచం పక్కన కూర్చుని, "నేను అబద్ధం రాశాను" అని తన చేత్తో రాయవలెను. క్షమాపణ నాకొద్దు. వాడు సిగ్గుపడటం చూడాలి.

ఈ నెల పద్దెనిమిది సాయంత్రం ఐదింటిలోగా జవాబు రానిచో, పందొమ్మిది పొద్దున తమ ఆఫీసు ఇనప గుమ్మానికే ఇనప కుర్చీ అతికి, పెట్టెతో సహా ఆవిణ్ణి అందులో కూర్చోబెడతాను. అక్కడ డేటా తెగదు, గంటసేపు నిలబడి చూసి వచ్చాను. నా అతుకు ఊడదీయడం తమవాళ్ల వల్ల కాదు.

చిత్తగించి, కుర్చీలోంచి లేవవలెను.

పద్దెనిమిదో తారీకు వరకు తమ విధేయుడు,
వెల్డరు

తా.క. జవాబు కాగితం మీద రాసి మనిషితో పంపండి. ఫోనులో పంపితే మా ఇంటికి రాదు.