ఒక్క ఓటు తేడా

బండారులంక,
అక్టోబరు 1999.

ఏమండీ,

మస్కట్ నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ ఒంట్లో ఎలా ఉందో రాయలేదు గానీ, నేను ఓటు ఎవరికి వేశానని మాత్రం రెండుసార్లు అడిగారు.

మన ఇంటి ఓట్లన్నీ తన పార్టీకేనని మీ అన్నయ్యగారు ముందే మాటిచ్చేశారు. పోలింగు నాడు నేను తిరిగొస్తుంటే గుమ్మంలోనే ఆపి, "చెప్పినదానికే గుద్దేవా అమ్మా?" అన్నారు. "ఆయ్, గుద్దేనండీ" అన్నాను. ఆయనకి నమ్మకం కుదిరినట్టు లేదు, మీకు ఫోను చేసినట్టున్నారు.

కార్గిల్ జవాన్ల చందాకి నేను నేసిన చీర ఇస్తే, రసీదు ఆయన పేరున రాయించుకున్నారు.

ఏప్రిల్లో ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయిన రోజున ఫోనులో మీరే అన్నారు, "ఒక్క ఓటు తేడానే, చూసేవా!" అని. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

మీ దగ్గర ఇంతవరకు ఏదీ దాచలేదు. ఇకమీదట ఏదడిగినా చెబుతాను. ఈ ఒక్కటి మాత్రం అడగకండి.

వేలి మీద సిరా ఇంకా పోలేదు. అంట్లు తోమేటప్పుడు ఆ వేలికి బూడిద తగలకుండా చూసుకుంటున్నాను.

వేళకి తినండి.

మీ భార్య