గాజుపూత హక్కు ఎవరికి చెందాలి, ఎవరికి చెందకూడదు

అద్దాల కార్ఖానాలో పూతపనివాడి భార్యనైన నేను, రేపు గుండె ఆపరేషన్‌కు వెళ్లబోతూ, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు.

1. నా పేరున ఉన్న ముఖ్యమైన ఆస్తి ఒక పేటెంటు. టైటానియా అనే తెల్లపొడిలో కాస్త ఇనుము కలిపి, గాజుకు పూసి, స్ఫటికం కట్టేదాకా కాల్చే పద్ధతి అది. ఎండ తగిలితే ఆ గాజు మీద నీళ్లు పలచగా పరుచుకుంటాయి, మురికి నిలవదు. కనిపెట్టింది నా భర్త. కార్ఖానా యజమాని, ఈయనకు అన్నయ్య అయిన మా బావగారు అప్పట్లో, "ఈ సున్నం పిచ్చి నాకంటగట్టకురా, కావాలంటే నీ పెళ్లాం పేరున పెట్టుకో" అని పదిమందిలో నవ్వారు. ఈయన అలాగే పెట్టారు. కొనేవాళ్లు వచ్చాక, అది తన బుర్రలోనే పుట్టిందని బావగారికి గుర్తొచ్చింది. దావా వేశారు.

2. బావగారికి అందులో వీసమెత్తు కూడా చెందదు. విచారణలో చూపించాల్సిన నమూనా పలకను మఖమల్ గుడ్డలో చుట్టి, నెలల తరబడి బీరువాలో దాచిన మేధావి ఆయన. ఎండ మొహం చూడని పూత ఏం పనిచేస్తుంది? అధికారి ముందు పోసిన నీళ్లు పలచగా పరుచుకోకుండా, మామూలు గాజు మీదలాగే బొట్లుబొట్లుగా నిలిచాయి. "నీళ్లు మంచివి కావండీ" అన్నారు. ఆ నీళ్లు ఆయనకే రాసిస్తున్నాను.

3. "ఐదో తరగతి దానికి పేటెంటట!" అని వీధంతా చాటిన తోడికోడలికి, నా దగ్గర తీసుకుని తిరిగివ్వని ఇస్త్రీపెట్టె ఇక హక్కుగా చెందుతుంది.

4. నా చెవిపోగులు, నీలం శాలువా నా కూతురికి. శాలువా అంచు నోట్లో పెట్టుకుంటేగాని నిద్రపోదు. ఎవరూ లాగెయ్యవద్దు.

5. పేటెంటు కూడా నా కూతురికే. అది పెద్దదయ్యేదాకా, టైలరు పని చేసే మా అక్క దాన్ని కాపాడాలి. ఈ వీలునామా అమలు చేయాల్సిందీ అక్కే. నా భర్తకు ఇవ్వడం లేదు. అన్నయ్య గొంతు సవరించుకుంటే చాలు, కలం వెతుక్కునే మనిషి ఆయన. మొన్న నా మంచం పక్కన కూర్చుని, "నువ్వు సంతకం పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా" అన్నారు. కొలిమి ముందు వణకని ఆ చేతులు అన్న ముందు ఎందుకూ పనికిరావు.

6. అయినా ఒక షరతు. నా తరువాత జరిగే విచారణలో ఆయన లేచి నిలబడి, అన్నయ్య మొహం చూస్తూ "ఇది నేను చేశాను" అంటే, ఆ క్షణం నుంచి హక్కంతా ఆయనదే. గొంతు వణికినా చెల్లుతుంది. వినపడీ వినపడనట్టు అన్నా చెల్లుతుంది. అక్క దగ్గరగా కూర్చుని వినాలి.

తేదీ: జూన్ పదకొండు, ఆసుపత్రిలో.

సంతకం: పూతపనివాడి భార్య

నా ఎదుటే చదివి సంతకం చేసిన సాక్షులు: పక్క మంచం టీచరమ్మ, మందుల షాపాయన.