దొడ్డమ్మ పేరులో సగం

హోసూరు, 6-2-84

కుందారపల్లి కెంపమ్మత్తకి మేనల్లుడు మారియప్ప దండాలు పెట్టి రాసేది. ఈడ అందరమూ బాగుండాము. నీ మోకాలినొప్పి తగ్గిందని తలుస్తాను.

బస్టాండు పక్కన పచ్చబొట్టు అంగడి పెట్టినాను అత్తా. నీ మాదిరి సూదులు కట్టి పొడిచేది కాదు, బ్యాటరీ మిషను. నా చెయ్యి చక్కగా ఆడతా ఉంది, దాంట్లో అనుమానం లేదు. కుదురు లేనిది జనానికే. స్టూలు మీద కూర్చోబెట్టి చెయ్యి చాపమంటే సగంలో లేచి పోతారు. కెలమంగలంలో పట్టుపురుగులు పెంచే వీరప్ప, పెండ్లాం దొడ్డమ్మ పేరు రాయమని వచ్చి, ‘దొడ్డ’ దాకా ఓర్చుకుని బస్సెక్కేసినాడు. వచ్చే నెల తేరు పండగ. సగం పచ్చబొట్ల అంగడి అని పేరు పడితే ఎవరొస్తారు? నువ్వు ఊరూరా తిరిగి అంతమందిని ఎట్ల కూర్చోబెట్టినావో రాయి.

నీ అల్లుడు,
మారియప్ప

తా.క.: దొడ్డ అంటే పెద్ద కదా, ఊర్లో వీరప్పని ‘దొడ్డాయన’ అంటా ఉండారంట. ఆయనకి అదే బాగుందంట. దొడ్డమ్మకి బాగలేదంట.

కుందారపల్లి, 11-2-84

మారియప్పకి అత్త కెంపమ్మ దీవించి రాసేది.

మిషను మంచిదే అయ్యుంటుంది. స్టూలు మంచిది కాదు. వీపు ఆనించుకునేదానికి ఏమీ లేకపోతే మనిషి వాకిలి దిక్కే చూస్తా ఉంటాడు. గోడకి ఆనించు. కాళ్ళు బాగా చాపించు. చెయ్యి గాలిలో ఉండకూడదు. నేనైతే నా తొడమీదే పెట్టుకుంటాను, వాళ్ళు ఉలికిపడక ముందే నాకు తెలిసిపోతుంది. కడుపు ఖాళీగా ఉంటే కండ్లు తిరుగుతాయి, ముద్ద తినిపించు. పొడిచేటప్పుడు పాట పాడు.

నీ మేలు కోరే
కెంపమ్మ

తా.క.: తొడమీద పెట్టుకోమన్నది మగవాళ్ళ చెయ్యి. ఆడవాళ్ళకి దిండు పెట్టు.

హోసూరు, 20-2-84

అత్తకి దండాలు.

నువ్వు చెప్పినట్టే చేసినాను. వీరప్పని బతిమాలి పిలిపించి, కడుపు పట్టినన్ని ముద్దలు తినిపించి, గోడకి ఆనించి కాళ్ళు చాపించినాను. తిన్న మత్తులో జారి జారి పూర్తిగా పడుకున్నాడు. బాగుందిలే అనుకున్నాను. ఈగలు రాకుండా తలదగ్గర ఊదుబత్తి ముట్టించినాను. నాకు వచ్చేది భజన పాట ఒక్కటే, దాన్ని ఎత్తుకున్నాను.

అంతలో కెలమంగలం బస్సు వచ్చింది. దిగినవాళ్ళు చూసి తలగుడ్డలు తీసి చేతబట్టుకున్నారు. ఆ బస్సులోనే దొడ్డమ్మ ఉండింది. ఆమె ఏడుపుకి వీరప్ప లేచి కూర్చున్నాడు. ముందు నిలబడినవాళ్ళు పరిగెత్తినారు, వాళ్ళ వెనకాలే ఆయనా పోయినాడు. ఒక్క అక్షరం పడలేదు.

దిక్కు తోచని
మారియప్ప

తా.క.: నీ తా.క. కాగితం వెనకపక్క ఉంది. ఒకరోజు ఆలస్యంగా చూసినాను. చెంప వాపు తగ్గింది.

కుందారపల్లి, 25-2-84

మారియప్పకి దీవెనలు, తిట్లు రెండూ.

ఆనించమంటిని, పాడె కట్టమంటినా? ఒక్క ముద్ద చాలు. వీపు వెనకాల రాగుల మూట పెట్టు, జారరు. పడుకోబెడితే సూది యాడ పడుతుందో మనిషికి కనపడదు, భయం రెండింతలవుతుంది. వాళ్ళకి సూది కనపడాలి, నీకు వాళ్ళ మొహం కనపడాలి. ఇంకొకటి, పొడిపించుకునేవాళ్ళ రెండో చేతికి పట్టుకునేదానికి ఒక చెయ్యి కావాలి. ఆ దొడ్డమ్మనే పక్కన కూర్చోబెట్టు. అంత గట్టిగా ఏడ్చినామె గట్టిగానే పట్టుకుంటుంది.

నీ అత్త,
కెంపమ్మ

తా.క.: పాట వద్దు. ఈ తా.క. ముందుపక్కనే రాసినాను.

హోసూరు, 5-3-84

అత్త కాళ్ళకి మొక్కి రాసేది.

పేరు పూర్తయింది. రాగుల మూట పెట్టి, వీరప్ప చెయ్యి నా తొడమీద పెట్టుకున్నాను. మొదటి పోటుకే ఆయన లేవబోతే దొడ్డమ్మ రెండో చెయ్యి పట్టుకుని, “ఇంకొంచెం ఓర్చుకో, నేను యాడికీ పోను” అనింది. ఆయన ఆమె మొహమే చూస్తా ఉండిపోయినాడు. అయిపోయిందని నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు సంతరోజుల్లో దొడ్డమ్మే వచ్చి ఆడవాళ్ళ చేతులు పట్టుకుంటా ఉంది. తేరుకి వరస బస్టాండు దాకా నిలబడుతుంది, చూస్తా ఉండు. కెంపమ్మ మేనల్లుడినని అందరికీ చెప్తా ఉండాను. నీ చేతుల మీద ఉండే తీగ పచ్చబొట్టు మాదిరి కావాలని ఇద్దరు అడిగినారు.

గెలిచిన
మారియప్ప

తా.క.: వీరప్పని ఊర్లో ఇప్పుడు ‘దొడ్డమ్మా’ అని పిలుస్తా ఉండారంట. ఆయనకి బాగలేదంట. ఆమెకి బాగుందంట.

కుందారపల్లి, 9-3-84

మారియప్పకి అత్త దీవించి రాసేది.

సోమవారం పొద్దున బస్సుకి వస్తా ఉండాను. పొడిచేదానికి కాదు, పొడిపించుకునేదానికి.

నా చేతుల మీది తీగ సూదిది కాదప్పా. గుంటగలగరాకు పసరు. వారం వారం గీసుకుంటాను. అంగడికి బోర్డు ఉండాలి కదా. మా అమ్మ, అదే మీ అవ్వ, సూది తీసినప్పుడల్లా నేను పరిగెత్తినాను. ఒకసారి కృష్ణగిరి కొండ దాకా పోయినాను. ఎందుకు పారిపోతారో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అందుకే ఇన్ని ఊర్లలో నా ముందర కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేచిపోలేదు. ఇప్పుడు నువ్వు నన్ను కూర్చోబెట్టగలవు. మా అమ్మ పేరు రాయి, అంజనమ్మ. నాలుగు అక్షరాలూ పడాలి.

వచ్చే
కెంపమ్మ

తా.క.: దొడ్డమ్మని నా చెయ్యి పట్టుకోమను. వీరప్పని వాకిట్లో అడ్డంగా నిలబెట్టు.